రాతి క్వారీకి పట్టా భూమి ఇచ్చే ముందు: తవ్వకం పథకంలో ఏం చూసుకోవాలి, భూమిని ఏ స్థితిలో తిరిగి అడగాలి?

రాళ్లపొలం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మా కుటుంబానికి పదెకరాల పట్టా భూమి ఉంది. పైన అడుగు మందాన ఎర్రమట్టి, దాని కింద కొంత మొరం, ఆ దిగువన అంతా గట్టి బండ కావడం వల్ల వానాకాలంలో కంది, ఆముదం తప్ప అక్కడ మరేదీ సరిగా పండదు. కంకర క్రషర్ నడిపే ఒక గుత్తేదారు ఈ భూమిలో క్వారీ పెట్టుకుంటామని అడుగుతున్నారు. లీజు ఆయన పేరున మంజూరవుతుంది. పట్టాదారులుగా మేము సమ్మతి పత్రం ఇచ్చి, విడిగా ఒక ఒప్పందం రాసుకోవాలి. ఆయన తయారు చేయించిన మైనింగ్ ప్లాన్ ముసాయిదాను మాకు చూపించారు. 30 మీటర్ల లోతు వరకు తవ్వుతామని అందులో ఉంది. మూసివేత గురించి మాత్రం "గుంతను పూడ్చి మొక్కలు నాటడం జరుగుతుంది" అన్న ఒక్క వాక్యమే ఉంది.

మా మండలంలో వదిలేసిన క్వారీ గుంతలు ఇప్పటికే కొన్ని ఉన్నాయి. వాటికి నిట్టనిలువు గోడలే తప్ప కంచె గానీ, దిగడానికి దారి గానీ లేవు. లీజు ముగిశాక భూమితో పాటు గుంత కూడా మాకే మిగులుతుంది కనుక అడుగుతున్నాను. పూడ్చడం నిజంగా సాధ్యమేనా? కాకపోతే భూమిని ఏ రూపంలో తిరిగి తీసుకోవడం మేలు? ఆ రూపం రావాలంటే ఒప్పందంలో ఏం రాయించుకోవాలి? అద్దె ఎంత అడగాలన్నది వేరే విషయం. ఇక్కడ భూమి గురించి మాత్రమే సలహా కోరుతున్నాను.

బెంచీలెక్క (జవాబు):

రాళ్లపొలం గారూ, గనుల ఇంజినీరుగా ఇలాంటి ప్లాన్లు తయారు చేయడమే నా వృత్తి కనుక నేరుగా చెబుతాను. ఆ పూడ్చివేత వాక్యాన్ని పట్టించుకోకండి. కంకర క్వారీలో తీసిన రాయి దాదాపు అంతా క్రషర్‌కు వెళ్లి అమ్ముడైపోతుంది. చివరికి మిగిలేది పైమట్టి, కొంత మొరం మాత్రమే. గుంతను నింపడానికి సరుకే లేనప్పుడు పూడుస్తామని రాయడం ఫారంలో గడి నింపడానికే పనికివస్తుంది. మీరు అడగవలసింది గుంత పూడ్చడం గురించి కాదు, గుంత ఆకారం గురించి. ఆ ఆకారం చివర్లో తయారయ్యేది కాదు, మొదటి బెంచీ (గుంత గోడలో మెట్టులా తవ్వే అంచె) కొట్టిన రోజు నుంచే నిర్ణయమవుతూ వస్తుంది.

ఒక లెక్క చెబుతాను. మీ పదెకరాలు సుమారు నాలుగు హెక్టార్లు. సౌలభ్యం కోసం 200 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు గల చదరం అనుకుందాం. భద్రతా నిబంధనల ప్రకారం సరిహద్దు చుట్టూ 7.5 మీటర్ల పట్టీని తవ్వకుండా వదలాలి కనుక గుంత పైభాగం 185 మీటర్ల చదరం అవుతుంది. గనుల భద్రతకు సంబంధించిన 1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం గట్టి రాతిలో బెంచీ ఎత్తు, ప్రత్యేక అనుమతి లేకుండా, 6 మీటర్లు దాటకూడదు. 30 మీటర్ల లోతుకు అయిదు బెంచీలు వస్తాయి. ఒక్కొక్క మెట్టు మీద 6 మీటర్ల వెడల్పు వదిలితే అడుగున 137 మీటర్ల చదరం మిగులుతుంది. ఇలా దశలవారీగా తవ్వితే వచ్చే రాయి సుమారు 7.86 లక్షల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 20.8 లక్షల టన్నులు. ఏడాదికి లక్ష టన్నుల చొప్పున ఇరవై ఏళ్లకు పైగా సాగే పని. అదే గోడలను నిట్టనిలువుగా కొట్టుకుపోతే 10.27 లక్షల ఘనపు మీటర్లు వస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా 2.4 లక్షల ఘనపు మీటర్లు. మీ మండలంలో మీరు చూసిన నిలువు గోడల వెనుక ఉన్నది ఈ తేడాయే. చివరి ఏళ్లలో కొత్త రాయి కోసం లోతుకు వెళ్లడం కంటే వదిలిన మెట్లను కొట్టేసుకోవడం చవక కనుక, ఎక్కువ క్వారీల్లో బెంచీలు కాగితం మీద మిగిలి నేల మీద మాయమవుతాయి.

దీనికి మందు ఒప్పందంలోనే ఉంది. పై బెంచీ దాని తుది హద్దుకు చేరిన వెంటనే దాన్ని "ముగిసిన బెంచీ"గా సర్వే చేయించి, రాళ్లు పాతించి, ఆ మెట్టు మీద ఇక ఎలాంటి తవ్వకమూ జరపకూడదని రాయించుకోండి. ఆ మెట్టు మీద మట్టి పరచడం, మొక్కలు నాటడం కూడా అప్పుడే మొదలు కావాలి. కింది బెంచీ దిగిన తరువాత పై మెట్టు మీదికి టిప్పర్ వెళ్లే దారి తెగిపోతుంది. ఇరవై ఏళ్ల తరువాత అక్కడికి మట్టి మోయడం ఎవరి తరమూ కాదు. తవ్వకం కింద జరుగుతుండగానే పైన పునరుద్ధరణ సాగాలన్న మాట ఏదో ఆదర్శం కోసం చెబుతున్నది కాదు, యంత్రం అందే సమయం అదొక్కటే.

మట్టి సరిపోతుందా అన్న సందేహం రావచ్చు. 185 మీటర్ల చదరం మీద అడుగు మందం, అంటే 0.3 మీటర్లు తీస్తే సుమారు 10,260 ఘనపు మీటర్ల పైమట్టి వస్తుంది. మెట్ల మొత్తం వైశాల్యం సుమారు 15,450 చదరపు మీటర్లు. తీసిన మట్టి అంతా వాటి మీద పరిస్తే 66 సెంటీమీటర్ల మందం వస్తుంది, అంటే మీ పొలంలో ఇప్పుడు ఉన్నదానికి రెట్టింపు. షరతు ఒక్కటే: ఆ మట్టి అమ్ముడుపోకూడదు, మొరంతో కలవకూడదు. మా అనుభవంలో మొదట మాయమయ్యేది పైమట్టే, ఎందుకంటే లీజు పని ఇంకా కుదురుకోకముందే ట్రాక్టర్లు దాని కోసం వచ్చేస్తాయి. విడిగా రెండు మూడు మీటర్లకు మించని ఎత్తులో కుప్ప పోసి, దాని మీద గడ్డి లేదా పచ్చిరొట్ట విత్తనం చల్లి, వాన నీరు కోయకుండా కాపాడితే అది బతికి ఉంటుంది.

చీమకుర్తి వాసి (జవాబు):

పై జవాబు కంకర క్వారీకి సరిగ్గా సరిపోతుంది. గుత్తేదారు రేపు ఇదే భూమిలో బ్లాకుల కోసం గ్రానైట్ లీజు అడిగితే లెక్క తలకిందులవుతుందని మాత్రం గమనించండి. ప్రకాశం జిల్లాలో మా వైపు తీసేది గ్యాలక్సీ రాయి. నల్లని గాబ్రో జాతి రాతిలో కంచు రంగు రవ్వలు మెరుస్తాయి కనుక దానికి ఆ పేరు వచ్చింది. అక్కడ తవ్విన దానిలో పగులు, గీత, రంగు తేడా లేని బ్లాకుగా అమ్ముడయ్యేది కొద్ది భాగమే. మిగిలినదంతా డంపుకు, అంటే వృథా రాతి గుట్టకు, వెళ్తుంది. ఉదాహరణకు నూరు ఘనపు మీటర్లలో ఎనభై వృథా అయిందనుకోండి. పగిలిన రాయి సందులతో కలిపి ఒకటిన్నర రెట్ల దాకా ఉబ్బుతుంది కనుక ఆ ఎనభై దాదాపు నూట పది, నూట ఇరవై అవుతుంది. అంటే నూరు తీసిన గుంతలో వృథా రాయే పట్టదు. కంకర క్వారీలో నింపడానికి సరుకు ఉండదు. బ్లాకుల క్వారీలో సరుకు ఎక్కువై స్థలం ఉండదు.

స్థలం ఉన్నా మంచి రాయి ఇంకా లోతున ఉండగా గుంతను ఎవరూ పూడ్చనివ్వరు. అందువల్ల గ్రానైట్‌లో భూమి భవిష్యత్తును నిర్ణయించేది డంపు ఎక్కడ పోస్తారన్నదే. కోర్ డ్రిల్లింగ్ (లోపలి రాయిని కడ్డీలా బయటికి తీసి చూసే బోరు) చేయించి, కింద పనికివచ్చే రాయి లేదని తేలిన వైపే డంపు పెట్టాలి. తొందరలో క్వారీ పక్కనే పోసి, కొన్నేళ్లకు దాని కిందే మంచి రాయి ఉందని తెలిసి, డంపు మొత్తాన్ని మళ్లీ ఎత్తి మరోచోట పోయడం మా ప్రాంతంలో చాలామంది చూసిన విషయమే. ఒకే రాయికి రెండు కిరాయిలు కట్టిన తరువాత భూమి పునరుద్ధరణకు ఎవరి దగ్గరా డబ్బు మిగలదు. డంపును అంచెలుగా పోసి మొత్తం వాలు 28 డిగ్రీలకు మించకుండా చూడాలి. పోసిన రాయి సహజంగా నిలిచే వాలు మీద మట్టి ఆగదు, మొక్క వేరు పట్టదు. ఈ మధ్య వృథా రాయి క్రషర్లకు వెళ్లి కంకరగా, రోబో ఇసుకగా మారుతున్నది. డంపు తగ్గడానికి ఇప్పటివరకు నేను చూసిన మార్గాల్లో నిజంగా పనిచేసింది అదొక్కటే.

కనుక మీ సమ్మతి పత్రంలో ఖనిజం పేరు స్పష్టంగా రాయండి. రోడ్ మెటల్‌కు, నిర్మాణపు రాయికి మాత్రమే సమ్మతి ఇస్తున్నామని, ఖనిజం మార్చాలంటే కొత్త సమ్మతి తీసుకోవాలని ఉండాలి.

నీటిజాడ (జవాబు):

భూగర్భ జలాల పనిలో ఉన్నవాడిగా నీటి సంగతి చేరుస్తాను. గుంత ఎలాగూ పూడదు కనుక చివరికి అది చెరువు అవుతుందని అందరూ అనుకుంటారు. అది దానంతట అదే కాదు. మీ ప్రాంతంలో ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 185 మీటర్ల చదరం మీద నేరుగా పడే నీరు సుమారు 25,700 ఘనపు మీటర్లు. పై లెక్కలోని 7.86 లక్షల ఘనపు మీటర్ల గుంత నిండడానికి, చుక్క కూడా ఆవిరి కాకపోయినా, ముప్పై ఏళ్లు పడుతుంది. నిజానికి మన దగ్గర తెరిచి ఉన్న నీటి నుంచి ఏటా ఆవిరయ్యేది పడిన వాన కంటే ఎక్కువ. అంటే గుంతలో నిలిచేది రాతి పగుళ్ల నుంచి ఊరే నీరు, చుట్టుపక్కల నుంచి పారి వచ్చే వరద. పని జరిగే కాలంలో ఆ వరద లోపలికి రాకుండా చుట్టూ కాలువ తవ్వుతారు. మూసివేసేటప్పుడు అదే కాలువను ఒకచోట తెరిచి, ఒండ్రు ఆగే చిన్న తొట్టి గుండా నీటిని లోపలికి మళ్లించాలి. చాలా మూసివేత పథకాల్లో ఈ చిన్న పని కనిపించదు. కాలువ యథాతథంగా ఉండిపోయి, గుంత అడుగున మడుగు మాత్రమే మిగులుతుంది.

నీరు నిలిచిన క్వారీలు ఉపయోగపడ్డ ఉదాహరణ కూడా ఉంది. 2017లో చెన్నై నగరం కరువులో ఉన్నప్పుడు శిక్కరాయపురం దగ్గరి పాత రాతి క్వారీల్లోని నీటిని శుద్ధి చేసి నగరానికి సరఫరా చేశారు. అయితే మీది నల్లగొండ. అక్కడి గ్రానైట్ శిలల వల్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది దేశమంతా తెలిసిన విషయం. గుంతలో ఊరిన నీటిని తాగడానికి వాడే ముందు తప్పకుండా పరీక్ష చేయించాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకపోవడం మేలు, మరో దారి లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. సేద్యానికి, పశువులకు వాడే ముందు కూడా ఒకసారి పరీక్ష చేయిస్తే నష్టం లేదు.

తవ్వకం మొదలు కాకముందే చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో నీటిమట్టం వేసవి చివర ఒకసారి, వానల తరువాత ఒకసారి కొలిపించి, తేదీలతో రాసి, ఇరుపక్షాల సంతకాలు పెట్టించండి. గుంత భూగర్భ నీటిమట్టం కంటే దిగువకు దిగి పంపులు నడపడం మొదలుపెడితే పక్క రైతుల బోర్లు తగ్గవచ్చు. ఆ రోజు వచ్చే తగాదాలో మొదటి కొలత ఒక్కటే సాక్ష్యం.

పునరుద్ధరణ విషయంలో చట్టం మీ వైపే ఉంది. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తరువాత అయిదు హెక్టార్ల కంటే తక్కువ విస్తీర్ణం గల చిన్నతరహా ఖనిజాల (కంకర, నిర్మాణపు రాయి వంటివి) లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి అయింది. 2020 జనవరి 8న కామన్ కాజ్ కేసులో అదే కోర్టు మరో మెట్టు ముందుకు వెళ్లి, తవ్వకం ఆపిన తరువాత లీజుదారు ఆ భూమిలో మళ్లీ గడ్డి మొలిపించి, పశుగ్రాసానికి, మొక్కలకు, జీవజాలానికి అనువైన స్థితికి తేవాలన్న షరతు విధించాలని ఆదేశించింది. ఈ షరతు మీ గుత్తేదారు అనుమతి పత్రంలో ఉందో లేదో చూడండి. ఆయన ఆరునెలలకు ఒకసారి సమర్పించవలసిన అమలు నివేదికల ప్రతులు మీకూ ఇవ్వాలని ఒప్పందంలో చేర్చండి.

మొక్కల గురించి ఒక మాట. బెంచీల మీద త్వరగా పచ్చదనం కనిపించాలని సుబాబుల్ నాటి ఫొటోలు తీసి నివేదికలో పెడతారు. దాని బదులు తొలి రెండేళ్లు అంజన్ గడ్డి, స్టైలో వంటి పశుగ్రాసపు మొక్కలు వేసి మట్టిని పట్టి ఉంచి, తరువాత కానుగ, వేప, నారవేప, సీతాఫలం వంటి మన నేల మొక్కలు పెట్టడం మంచిది. గురుగ్రామ్‌లో పాత రాతి క్వారీలు, క్రషర్లు ఉన్న ఆరావళి గుట్టల మీద 2010 ప్రాంతంలో మొదలైన జీవవైవిధ్య పార్కులో స్థానిక జాతులనే వెతికి తెచ్చి నాటారు. సర్కారు తుమ్మ ఆక్రమించిన నేల మీద మళ్లీ ఆరావళి అడవి మొక్కలు నిలబడ్డాయి. మన గుట్టల మొక్కలు వేరు, కానీ పద్ధతి అదే.

రాళ్లపొలం:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఈ లెక్కలు ముసాయిదాలో ఎక్కడా లేవు. గుత్తేదారుతో మాట్లాడాను. బెంచీల షరతుకు ఆయన అభ్యంతరం చెప్పలేదు గానీ, చివర్లో గుంతను పట్టణపు చెత్తకో, కూల్చిన ఇళ్ల శిథిలాలకో ఇస్తే పూడ్చడం ఉచితంగా అయిపోతుందని, పైగా ఆదాయం కూడా వస్తుందని అంటున్నారు. ఊరి ఇళ్లు సుమారు 400 మీటర్ల దూరంలో ఉన్నాయి. బ్లాస్టింగ్ విషయంలో కూడా భయం ఉంది. మా పక్క పట్టాదారు సైతం తన పదెకరాలను ఇదే గుత్తేదారుకు ఇవ్వాలని చూస్తున్నారు. దీనివల్ల ఏమైనా మారుతుందా?

బెంచీలెక్క:

చెత్తకు ఒప్పుకోకండి. పగుళ్లున్న రాతి గుంతకు అడుగున ప్లాస్టిక్ పొర గానీ, బంకమట్టి పొర గానీ ఉండదు. చెత్త నుంచి కారే మురికి నీరు ఆ పగుళ్ల గుండానే ఊరి బోర్లకు చేరుతుంది. ఇటుక, కాంక్రీటు శిథిలాల సంగతి వేరు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో, కలపా ప్లాస్టికూ ఏరివేసినవి మాత్రమే, అది కూడా నీటిమట్టానికి పైనే వేసుకోవచ్చు. అయినా ఒక పల్లె దగ్గర 7 లక్షల ఘనపు మీటర్లు నింపేంత శిథిలాలు ఎక్కడి నుంచి వస్తాయో ఆయననే అడగండి.

బ్లాస్టింగ్‌కు గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో ఇచ్చిన ప్రమాణాలు ఉన్నాయి. గనికి చెందని మామూలు ఇళ్ల దగ్గర నేల కంపన వేగం, 8 హెర్ట్జ్‌ల కంటే తక్కువ పౌనఃపున్యం వద్ద, సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. 8 నుంచి 25 హెర్ట్జ్‌ల మధ్య 10, ఆపైన 15. ఇంటి దగ్గర కంపనం ఎంతన్నది ఒకే క్షణంలో పేలే మందు పరిమాణం మీద ఆధారపడుతుంది గానీ రోజు మొత్తంలో పేల్చిన మందు మీద కాదు. అందుకని రంధ్రానికి రంధ్రానికి మధ్య ఆలస్యం ఇచ్చే డిటొనేటర్లే వాడాలని, ఊరికి దగ్గరి ఇంటి వద్ద మొదటి కొన్ని పేలుళ్లకు కంపన మాపకం పెట్టించి ఆ అంకెలు మీకు చూపించాలని అడగండి. పని మొదలయ్యే ముందే ఊరి ఇళ్ల గోడల్లో ఇప్పటికే ఉన్న బీటలను ఫొటోలు తీయించి పెట్టండి. 400 మీటర్ల దూరంలో కంపనం కంటే ఎగిరే రాయి గురించి నేను ఎక్కువ జాగ్రత్త పడతాను. రంధ్రం నోటిని సరైన సామగ్రితో బిగించకపోవడం వల్లే అది ఎక్కువగా జరుగుతుంది.

పక్క పట్టాదారు విషయం ముఖ్యమైనది. రెండు లీజుల అంచుల మధ్య దూరం 500 మీటర్ల లోపు ఉంటే వాటిని ఒక సముదాయంగా లెక్కిస్తారు. మీవి కలిపితే ఎనిమిది హెక్టార్లు, అంటే అయిదు హెక్టార్ల హద్దు దాటుతుంది. కనుక సముదాయం మొత్తానికి కలిపి పర్యావరణ ప్రభావ అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ఇద్దరూ వేర్వేరు దరఖాస్తులుగా, ఒకటి తెలియనట్టు మరొకటి వేస్తే తరువాత ఎవరు కోర్టుకు వెళ్లినా రెండూ ఆగిపోతాయి. సాంకేతికంగా చూసినా కలిపి ప్లాన్ చేయడమే మంచిది. విడివిడిగా తవ్వితే ఇద్దరి 7.5 మీటర్ల పట్టీలు కలిసి మధ్యలో 15 మీటర్ల వెడల్పున, 30 మీటర్ల ఎత్తున ఒక గోడ మిగులుతుంది. దాని పైకి మట్టి వేయలేరు, అటు నుంచి ఇటు దాటలేరు, ఏళ్లు గడిచేకొద్దీ రెండు వైపులా రాలుతుంది. భద్రతా డైరెక్టరేట్ అనుమతితో ఆ హద్దును కలిపి తవ్వితే ఆ రాయి పనికివస్తుంది, పైగా లారీలు గుంతలోకి దిగే ర్యాంపు ఒక్కటే సరిపోతుంది.

ఆ ర్యాంపు గురించి చెప్పడం మరచిపోకూడదు. లారీలు తిరిగే దారి సాధారణంగా పదహారుకు ఒకటి వాలులో ఉంటుంది కనుక 30 మీటర్ల లోతుకు 480 మీటర్ల పొడవు పడుతుంది. పని ముగిసేటప్పుడు చివరి రాయి కోసం ఆ ర్యాంపునే కొట్టుకుంటూ బయటికి రావడం క్వారీల్లో అలవాటు. అప్పుడు నీటిలో పడిన మనిషికి గానీ, పశువుకు గానీ ఎక్కి వచ్చే మార్గం ఉండదు. ర్యాంపు మొత్తాన్ని పూర్తి వెడల్పుతో అప్పగించాలని, మిగిలిన మూడు వైపులా కంచె వేయాలని రాయండి.

చీమకుర్తి వాసి:

ఇంకొకటి. ప్రధాన ఖనిజాల గనులకు 2017 నాటి కేంద్ర నియమాల్లో మూసివేత హామీ సొమ్ము ఉంది గానీ, అవి చిన్నతరహా ఖనిజాలకు వర్తించవు. కనుక ఆ హామీని మీ ఒప్పందంలోనే బ్యాంకు గ్యారంటీగా పెట్టించుకోండి. మొత్తాన్ని లీజు చివరికి ముడిపెడితే గుత్తేదారు దాన్ని వదిలేసుకోవడమే లాభమనుకునే రోజు వస్తుంది. ఒక్కొక్క బెంచీ ముగిసి, మట్టి పరిచి, మొక్క రెండు వేసవులు నిలబడిన తరువాత ఆ బెంచీ వాటా గ్యారంటీని విడుదల చేసేలా రాస్తే ఆయనకూ ఆసక్తి ఉంటుంది. సర్వే ఎవరు చేయాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఖర్చు ఆయన పెట్టినా సర్వేయరును ఎంచుకునే హక్కు మీ దగ్గరే ఉండాలి.